రంగులు చూడకండి, ట్యాపు తిప్పండి: అద్దె ఫ్లాట్ల మీద మీ ప్రశ్నలు

ఇల్లు మారేవాళ్ల ఉత్తరాలు ఈసారి కుప్పలుగా వచ్చాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం, మరీ పొడుగ్గా ఉన్నవాటిని కాస్త కుదించాం. అద్దె చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి, కోర్టు దాకా వెళ్లిన తగాదాలను పక్కన పెట్టి, సంతకం చేయకముందు మన చేతిలో ఉండే పనుల గురించే జవాబులు రాశాను.

ప్రశ్న: రెండు ఫ్లాట్లు చూసి పెట్టుకున్నాం, అద్దె దాదాపు ఒకటే. మొదటిది కొత్తగా రంగులేసి, కప్‌బోర్డులు, ఫ్యాన్లు, ఖరీదైన లైట్లు అన్నీ పెట్టి ఇస్తున్నారు, కాకపోతే మెయిన్ రోడ్డు మీదే. రెండోది లోపలి వీధిలో, పాత బిల్డింగు, ఒకటి రెండు చోట్ల గోడ పెచ్చులు లేచింది, వంటింట్లో షెల్ఫులు కూడా సరిగా లేవు, కానీ వెలుతురు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఇంట్లో అందరూ మొదటిదే అంటున్నారు, నాకే మనసొప్పడం లేదు. చాదస్తంగా ఆలోచిస్తున్నానా?
– ఒక గృహిణి

జవాబు: చాదస్తం ఏమీ లేదండీ, చూడాల్సిందే చూశారు. అద్దె ఇంట్లో మనం మార్చుకోగలిగినవి కొన్ని ఉంటాయి, ఓనర్ తలకిందులుగా తపస్సు చేసినా మార్చలేనివి కొన్ని ఉంటాయి. రంగు, షెల్ఫులు, లైట్లు మొదటి రకం. ఓనర్‌ని బతిమాలో, అద్దెలో కాస్త తగ్గించమనో, చివరికి మన చేతి డబ్బుతోనో వారం రోజుల్లో తేలిపోతాయి. రోడ్డు చప్పుడు, కిటికీ ఏ దిక్కుకు ఉంది, ఎదురు బిల్డింగు ఎంత దగ్గర, నీళ్లు ఎలా వస్తాయి, ఇవన్నీ రెండో రకం. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు కంటికి ఆనేవి మొదటి రకమే, చేరాక రోజూ ప్రాణం తీసేవి మాత్రం రెండోవి.

చప్పుడు సంగతే తీసుకోండి. నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగదిలో చప్పుడు సగటున 30 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో ఉంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే 60 దాకా ఉంటుంది. పైగా డెసిబెళ్లు మన కూడికల లెక్కలో నడవవు, 10 పెరిగినప్పుడల్లా చెవికి చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు వినిపిస్తుంది, కాబట్టి 30 ఉన్న గదికీ 50 ఉన్న గదికీ తేడా నాలుగింతలు. ఫోన్లో చప్పుడు కొలిచే యాప్‌లు దొరుకుతాయి, అవి అంత కచ్చితం కాకపోయినా రెండు ఇళ్లను పోల్చుకోవడానికి పనికొస్తాయి. రాత్రి పదీ పదిన్నరకు ఆ మొదటి ఫ్లాట్‌కి మళ్లీ వెళ్లండి, పడకగదిలో కిటికీలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూడండి. మూస్తే తప్ప నిద్ర పట్టదనిపిస్తే, ఆ ఇంట్లో మీకు కిటికీలు లేనట్టే లెక్క.

ఇక కొత్త రంగు. ఇల్లంతా వేశారంటే సరే, అద్దెకిచ్చే ముందు ఎవరైనా వేయిస్తారు. ఒక్క గోడకే వేసి, అదీ బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడ అయితే నేనైతే అక్కడే ఆగిపోతాను. చేతి వెనక భాగం ఆ గోడకు ఆనించండి, తర్వాత పక్క గోడకు ఆనించండి, చల్లదనంలో తేడా తెలిసిందంటే లోపల తేమ ఉన్నట్టు అనుమానించాలి. కప్‌బోర్డు తలుపు తీసి తల లోపలికి పెట్టి వాసన పీల్చండి (ఓనర్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి). సింకు కింద చెక్క ఉబ్బిందా, సీలింగు మూలల్లో పసుపచ్చని మరకలు వలయాల్లా ఉన్నాయా చూడండి. గదిలో గాలి తేమ 60 శాతం దాటి అలాగే ఉండిపోతే ఫంగస్ పట్టడం మొదలవుతుంది, నీరు ఎక్కడినుంచి దిగుతోందో కనిపెట్టి ఆపకపోతే ఎన్ని పూతలు పూసినా ఆర్నెల్లలో మళ్లీ బయటపడుతుంది.

ఇదే పరీక్ష రెండో ఇంటికీ పెట్టండి, పాతదని జాలిపడొద్దు. పెచ్చు లేచిన చోట గోరుతో గీకండి. పొడిగా రాలితే అది రంగు వయసు, భయం లేదు. చెమ్మగా తగిలినా, ఉప్పు పూసినట్టు తెల్లగా కనిపించినా గోడలో నీరుంది. అది లేదని తేలితే నా ఓటు రెండోదానికే. షెల్ఫులు వేయించి ఇవ్వమని అడగండి, లేదా మేమే వేయించుకుంటాం, మొదటి నెల అద్దెలో మినహాయించండి అనండి. వేయిస్తానంటే మాత్రం మీరు చేరకముందే వేయించాలి. సామాన్లు దిగాక ఏ ఓనరూ తొందరపడడు.

ప్రశ్న: బ్రోకర్ ఒకేరోజు ఐదారు ఇళ్లు తిప్పుతున్నాడు, ఒక్కో ఇంట్లో పది నిమిషాలు ఉండనిస్తే గొప్ప. "త్వరగా చెప్పండి సార్, ఇంకో పార్టీ వస్తోంది" అని వెనకాలే ఉంటాడు. ఆ పది నిమిషాల్లో ఏం చూడాలి?
– కొత్తగా పెళ్లయిన ఒక పాఠకుడు

జవాబు: ఇంకో పార్టీ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది బాబూ, ఆ టెన్షన్ పెట్టుకోవద్దు. హాల్లో నిలబడి సోఫా ఎక్కడ వేద్దామా అని ఊహించుకుంటే ఆ పది నిమిషాలూ హాల్లోనే అయిపోతాయి. నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్లండి.

షవర్ పూర్తిగా తిప్పండి. అది నడుస్తుండగానే మీ ఆవిడని వంటింట్లో ట్యాపు తిప్పమనండి, షవర్ ధార సన్నబడిందా చూడండి. పొద్దున్నే ఇద్దరూ ఆఫీసుకు తయారయ్యేటప్పుడు జరగబోయేది అదే. తర్వాత ఫ్లష్ నొక్కి, ట్యాంకు మళ్లీ నిండడానికి ఎంతసేపు పడుతోందో గమనించండి. బకెట్ కనిపిస్తే ఇంకా మంచిది, పది లీటర్ల బకెట్ నిమిషంలో నిండితే నిమిషానికి పది లీటర్లు, రెండు నిమిషాలు పడితే ఐదు, అంతకంటే పెద్ద శాస్త్రం అక్కర్లేదు. నేల మీద ఒక మగ్గు నీళ్లు పోయండి, జాలీ వైపు పారుతున్నాయా, మూలన నిలిచిపోతున్నాయా తెలిసిపోతుంది. వాలు తప్పుగా ఉన్న బాత్‌రూమ్ నేలను బాగుచేయాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే, అద్దెకున్న మీకోసం ఎవరూ పగలగొట్టరు.

బాత్‌రూమ్‌లో మురుగు వాసన వస్తే వెంటనే ఇల్లు వద్దనుకోకండి. జాలీ కింద, సింకు కింద వంపు తిరిగిన పైపులో కొంచెం నీరు నిలిచి ఉండి మురుగు గాలి పైకి రాకుండా అడ్డుకుంటుంది, చాలారోజులు ఖాళీగా ఉన్న ఇంట్లో ఆ నీరు ఆవిరైపోతుంది. రెండు మగ్గులు పోసి, మిగతా ఇల్లంతా చూసొచ్చి మళ్లీ వాసన చూడండి. తగ్గిందా, సమస్య అంతే. తగ్గలేదంటే పైపులో ఏదో ఉంది.

అక్కణ్ణుంచి పడకగది. తలుపులు, కిటికీలు మూసి ఎవరికైనా ఫోన్ చేయండి. ఇంటినుంచి పనిచేసే ఉద్యోగమైతే నెట్ కనెక్షన్ ఏయే కంపెనీలవి ఆ బిల్డింగులోకి వస్తాయో పక్క ఫ్లాటువాళ్లనే అడగండి, బ్రోకర్ "అన్నీ వస్తాయి" అంటాడు. ఫోన్ చార్జర్ జేబులో పెట్టుకెళ్లి రెండు మూడు ప్లగ్గుల్లో పెట్టి చూడండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ పెట్టే చోట పెద్ద ప్లగ్గు ఉందా? లేకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీద నడపాలి, వైర్లు వేడెక్కి కాలేది అక్కడే. కిటికీలన్నీ ఒకసారి తీసి మూయండి. హాల్లో నిలబడితే ఒకవైపు నుంచి గాలి వచ్చి ఇంకోవైపు పోయే దారి ఉండాలి, అన్ని కిటికీలూ ఒకే గోడకు ఉన్న ఇంట్లో ఎన్ని కిటికీలున్నా ఉక్కపోతే.

టేపు ఒకటి తీసుకెళ్లండి. డబుల్ కాట్ పరుపు వెడల్పు మామూలుగా 150 సెంటీమీటర్లు, లేదా 180, పొడవు రెండు మీటర్లు. దాని పక్కన మనిషి తిరగడానికి కనీసం 60 సెంటీమీటర్లు వదలాలి, బీరువా తలుపు తెరుచుకోవడానికి ఇంకొంత. ఖాళీ గది ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా కొలవాలి, సోఫా కింద ఉండిపోయి మీరు పైన ఉంటే ఏం లాభం!

నచ్చితే ఆరోజే మాటివ్వకండి. "రేపు సాయంత్రం మావాళ్లను తీసుకొచ్చి చూపిస్తాను" అని చెప్పి, బ్రోకర్ లేకుండా, మీకు వీలైన వేళలో వెళ్లండి.

ప్రశ్న: పై అంతస్తు, మధ్య అంతస్తు, కింది అంతస్తు, మూడూ ఖాళీగా ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. లిఫ్టు ఉంది. ఏది తీసుకోమంటారు?
– ఉద్యోగి

జవాబు: అమ్మగారి మోకాళ్లను బట్టి చూస్తే మొదటి అంతస్తో, రెండో అంతస్తో మేలు. లిఫ్టు పాడైన రోజున కూడా రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగొచ్చు. లిఫ్టు ఉందంటే సరిపోదు, కరెంటు పోతే జనరేటర్‌తో నడుస్తుందా, పోయిన నెలలో ఎన్నిసార్లు ఆగింది అని కింద కనిపించిన వాళ్లెవరినైనా అడగండి. అగ్నిప్రమాదం వస్తే లిఫ్టు వాడకూడదు కాబట్టి మెట్లు కూడా ఒకసారి దిగి చూడండి, పాత సోఫాలు, చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు అడ్డం పెట్టిన మెట్లయితే ఆ బిల్డింగులో వాళ్ల పట్టింపు ఎంతో అర్థమైపోతుంది.

పై అంతస్తుకు గాలీ వెలుతురూ బాగుంటాయి, నెత్తిమీద ఎవరూ కుర్చీలు లాగరు. కానీ ఎండాకాలం పగలంతా స్లాబు వేడి పీల్చుకుని రాత్రి ఇంట్లోకి వదులుతుంది, ఏ కాలంలో చూస్తున్నారో గుర్తుపెట్టుకోండి, చలికాలంలో చూసి మురిసిపోవద్దు. చాలామందికి తట్టని సంగతి ఇంకోటి ఉంది, ట్యాంకుకు దగ్గరగా ఉండేది పై ఇల్లే కదా, నీళ్లు జోరుగా వస్తాయనుకుంటారు. జరిగేది దానికి ఉల్టా. నీటి ఒత్తిడి మన ట్యాపు కంటే ట్యాంకు ఎంత ఎత్తులో ఉందన్న దాన్ని బట్టి వస్తుంది, పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). మూడు మీటర్ల ఎత్తున ట్యాంకు ఉన్న పై ఇంటికి దక్కేది 0.3 బార్ మాత్రమే, కొన్ని వాషింగ్ మెషీన్లు, ఇన్‌స్టంట్ గీజర్లు అంత తక్కువ ఒత్తిడికి పనిచేయవు. విడిగా ప్రెషర్ పంపు పెట్టారేమో అడగండి.

కింది అంతస్తులో మెట్ల బాధ లేదు గానీ, బిల్డింగు మురుగు పైపు ఎక్కడైనా పూడుకుపోతే ముందు పొంగేది కింది ఇంటి బాత్‌రూమ్‌లోనే. నేల చెమ్మ, దోమలు, కిటికీ పక్కన పార్క్ చేసిన బండి పొద్దున ఐదింటికి స్టార్ట్ చేయడం, ఇవన్నీ కింది ఇంటివాళ్ల వాటా.

ప్రశ్న: జీతంలో ఎంత శాతం అద్దెకు పెట్టొచ్చు? 30 శాతం అని అందరూ అంటారు, అది నిజంగా రూలేనా?
– మొదటి ఉద్యోగంలో చేరిన యువతి

జవాబు: రూలేం కాదమ్మా. అమెరికాలో ప్రభుత్వ ఇళ్లలో అద్దెకుండే పేదల దగ్గర ఆదాయంలో పాతిక శాతం మించి వసూలు చేయకూడదని 1969లో ఒక చట్టం చేశారు, 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. ఆ అంకె తర్వాత ప్రపంచమంతా తిరిగి అందరి నోళ్లలో రూల్ అయి కూర్చుంది. ఎంత చెట్టుకు అంత గాలి అన్నారు, అప్పులు లేని మనిషికి 35 కూడా బరువు కాకపోవచ్చు, ఇంటికి డబ్బు పంపాల్సిన మనిషికి 20 కూడా ఎక్కువే.

అద్దె ఒక్కటే లెక్క వేసుకోవడం అసలు పొరపాటు. చేతికొచ్చే జీతం 100 అనుకోండి. ఊరి చివర ఫ్లాటు అద్దె 24, మెయింటెనెన్స్ 4, రోజూ రానూపోనూ ఖర్చు 11, మొత్తం 39. ఆఫీసు దగ్గరి ఫ్లాటు అద్దె 32, మెయింటెనెన్స్ 3, నడిచి వెళ్తే ప్రయాణం సున్నా, మొత్తం 35. కాగితం మీద చౌకగా కనిపించిందే ఖరీదైంది, అందులో రోజుకు రెండు గంటలు బస్సులో కూర్చోవడం లెక్కలోకే రాలేదు. మీ అంకెలు వేరేగా ఉంటాయి, కానీ ఓనర్‌ని అడగాల్సినవి ఇవే: మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా విడిగానా, నీళ్లకు వేరే ఇవ్వాలా, పార్కింగుకు ఎంత, కరెంటు మీటరు మన ఫ్లాటుకు విడిగా ఉందా. మీటరు ఇద్దరికీ కలిపి ఉందంటే ప్రతి నెలా గొడవే.

ప్రశ్న: అగ్రిమెంట్ పేపర్లు ఇచ్చి సంతకం పెట్టమంటున్నారు. ఓనర్ చాలా మంచివారిలా ఉన్నారు, అవీ ఇవీ అడిగితే బాగుండదేమోనని మొహమాటంగా ఉంది. ముఖ్యంగా ఏవి చూడాలి?
– బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఓనర్ మంచివారైతే అడిగినా ఏమీ అనుకోరు. కాగితం మంచితనాన్ని శంకించడానికి రాసుకునేది కాదు, రెండేళ్ల తర్వాత ఇద్దరికీ గుర్తులేని సంగతి చెప్పడానికి. పేపర్లు ఇంటికి తెచ్చుకుని ఒక రాత్రి చదవండి, ఖాళీ గీతలు ఉన్న చోట ఏమీ నింపకుండా సంతకం పెట్టొద్దు.

డబ్బు దగ్గర మొదలుపెట్టండి. డిపాజిట్ ఎంత అన్నది అందరూ చూస్తారు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో ఇస్తారు, దేనికి కోస్తారు అన్నది ఎవరూ చూడరు. "మరమ్మతుల ఖర్చు మినహాయించి" అని ఒక ముక్క రాసి ఉంటే, ఆ మరమ్మతులేవో అడిగి రాయించండి. వాడకంలో సహజంగా జరిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాదన్నది చాలాచోట్ల ఒప్పుకున్న పద్ధతి. ఎండకు వెలిసిన రంగు, నడిచిన చోట మసకబారిన నేల అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్, కాలిన వంటింటి గట్టు మన తప్పు. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు మీరే ఇవ్వాలని రాసి ఉందేమో చూసుకోండి, ఉంటే అది కూడా అద్దెలో భాగమే అనుకుని లెక్క వేసుకోండి.

తర్వాత కాలం. మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఆ గడువు ఓనర్‌కి కూడా వర్తిస్తుందా, మొదట్లో ఇన్ని నెలలు కదలకూడదన్న లాక్-ఇన్ ఉందా, ట్రాన్స్‌ఫర్ వస్తే మినహాయింపు ఉందా. మీది బ్యాంకు ఉద్యోగం, ఈ ఒక్క వాక్యం కోసం కాస్త గట్టిగా పట్టుబట్టండి. అద్దె ఏటా ఎంత పెంచుతారో శాతంలో రాయించండి, "అప్పటి రేట్లను బట్టి" అన్న మాటకు అర్థం ఓనర్ ఇష్టం అనే.

నోటిమాటగా ఒప్పుకున్నవి, అంటే గీజర్ మారుస్తాను, దోమతెరలు పెట్టిస్తాను, కుక్కపిల్ల ఉన్నా ఫర్వాలేదు లాంటివి, అగ్రిమెంట్‌లో లేకపోతే మెసేజ్‌లో అయినా ఉండాలి. మొహమాటం ఉన్నవాళ్లకు ఒక ఉపాయం: "సార్, మనం అనుకున్నవి మర్చిపోకుండా రాసి పంపుతున్నాను, ఏమైనా తప్పుంటే చెప్పండి" అని మెసేజ్ పెట్టండి. ఆయన సరేనన్నా చాలు.

తాళాలు చేతికిచ్చిన రోజున, ఒక్క అట్టపెట్టె కూడా దించకముందు, ఇల్లంతా వీడియో తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి గదిగదికీ తిరుగుతూ గీతలు, పగుళ్లు, మరకలు దగ్గరగా చూపిస్తూ నోటితో చెప్తూ తీయాలి, "హాలు, ఎడమ గోడ, కిటికీ అద్దం మూలన పగులు" అని. కరెంటు మీటరు, నీటి మీటరు, గ్యాసు మీటరు ఉంటే వాటి అంకెలు కనిపించేలా ఫొటోలు. అదేరోజు ఓనర్‌కి పంపేయండి, మన ఫోన్లో దాచుకున్నదానికంటే ఆయన ఫోన్లో తేదీతో ఉన్నది బలం.

ప్రశ్న: నెట్‌లో ఒక ఫ్లాటు చూశాను, ఫొటోలు అదిరిపోయాయి, అద్దె ఆ ఏరియాలో మిగతావాటిలో సగం. ఓనర్ విదేశాల్లో ఉన్నారట, టోకెన్ పంపితే తాళాలు కొరియర్ చేస్తారట. పంపనా?
– విద్యార్థి

జవాబు: పంపొద్దు. ఇల్లు లోపలికి వెళ్లి చూడకుండా ఒక్క పైసా కూడా ఎవరికీ ఇవ్వొద్దు, ఎంత తొందరపెడితే అంత అనుమానించాలి. ఆ ఫొటోలను నెట్‌లో ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూడు, ఏ హోటల్ గదివో, వేరే ఊరి ఇంటివో అయి ఉండే అవకాశం ఎక్కువ. ఎదురుగా మనిషి ఉండి తాళం తీసి చూపించినా సరే, ఆ మనిషికి అద్దెకిచ్చే హక్కు ఉందా అన్నది వేరే ప్రశ్న. ఇంటి పన్ను రసీదో, కరెంటు బిల్లో అడిగి, అందులో పేరూ ఆయన గుర్తింపు కార్డు మీద పేరూ ఒకటేనా చూడాలి, డబ్బు కూడా ఆ పేరున్న బ్యాంకు ఖాతాకే వేయాలి. తనే అద్దెకుంటూ ఇంకొకరికి అద్దెకిచ్చి డిపాజిట్‌తో మాయమయ్యేవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: ముగ్గురు స్నేహితులం కలిసి తీసుకుంటున్నాం. ఓనర్ ఒక్కరి పేరు మీదే అగ్రిమెంట్ రాస్తానంటున్నారు, మావాళ్లు నా పేరు పెట్టమంటున్నారు. ఇబ్బందేమైనా ఉంటుందా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఇబ్బంది మీ ఒక్కరికే ఉంటుంది! మిగతా ఇద్దరూ రేపు పెళ్లనో ఉద్యోగమనో వెళ్లిపోతే మొత్తం అద్దె ఓనర్ మిమ్మల్నే అడుగుతాడు, వాళ్ల పేరు ఎక్కడా లేదు కదా. ముగ్గురి పేర్లూ రాయించండి. కాకపోతే అప్పుడు కూడా "ముగ్గురూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు" అన్న మాట ఉంటే, ఒకరు ఎగ్గొట్టినా మిగిలినవాళ్లు కట్టాల్సిందే. అందుకని మీలో మీరు ఒక కాగితం రాసుకోండి: డిపాజిట్‌లో ఎవరి వాటా ఎంత, మధ్యలో వెళ్లేవాళ్లు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కొత్త మనిషిని ఎవరు వెతకాలి, ఆ మనిషి డిపాజిట్ వాటా ఎవరి చేతికి ఇవ్వాలి. బాల్కనీ ఉన్న గది తీసుకున్నవాళ్లు కాస్త ఎక్కువ ఇవ్వడం న్యాయం, మొదటిరోజే తేల్చుకోండి. స్నేహాలు పాడయ్యేది పెద్ద విషయాల దగ్గర కాదు, గిన్నెలు ఎవరు కడగాలన్న దగ్గర.

ప్రశ్న: మా బాబుకు ఏడాదిన్నర, కాలు నిలవదు. పసిపిల్లలున్నవాళ్లు ఇల్లు చూసేటప్పుడు ప్రత్యేకంగా గమనించాల్సినవి ఉన్నాయా?
– ఒక తల్లి

జవాబు: ఉన్నాయమ్మా. బాల్కనీతో మొదలుపెట్టండి. ఊచల మధ్య సందు పది సెంటీమీటర్లు దాటకూడదు, చాలా దేశాల భవన నిబంధనల్లో ఉన్న కొలత దాదాపు ఇదే, అంతకంటే ఎక్కువుంటే పిల్లల తల దూరిపోతుంది. ఊచలు నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే ఎక్కేయడానికి నిచ్చెన కట్టి ఇచ్చినట్టే. కిటికీ పక్కన కట్టేసిన అరుగు, దివాన్ లాంటివి ఉంటే గ్రిల్ తప్పనిసరి. అయితే ఇంటినిండా తెరవడానికి వీల్లేని గ్రిల్స్ బిగించి ఉంటే అదీ ప్రమాదమే, మంటలు లేస్తే బయటపడే దారి ఉండదు, ఒక్కటైనా లోపలినుంచి తెరుచుకునేది ఉండాలి, దాని తాళం చెవి పెద్దవాళ్లందరికీ తెలిసిన చోట ఉండాలి.

గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల బిగించి, పొగ బయటికి పోయే గొట్టం లేకపోతే ఆ ఇల్లు వద్దు, లేదా గీజర్ తీయించాకే చేరండి. మూసిన గదిలో గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. వంటగ్యాస్ లీకయితే మనకు వాసన తెలిసేది కంపెనీలు కావాలని వాసన కలుపుతాయి కాబట్టి, దీనికి ఆ వీలు లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, మత్తు, ఆ తర్వాత మనిషి అక్కడే కూలబడిపోవడం, అంతా నిమిషాల్లో జరిగిపోవచ్చు.

బిల్డింగు మరీ పాతదైతే కిటికీ చెక్కల మీద, తలుపుల మీద రాలుతున్న పాత పెయింటు జాగ్రత్త. పూర్వం పెయింట్లలో సీసం కలిపేవారు, అమెరికాలో ఇళ్లకు వేసే పెయింట్లలో దాన్ని 1978లో నిషేధించారు. పిల్లలు ఆ పెచ్చులు నోట్లో పెట్టుకుంటే మెదడు ఎదుగుదల మీద దెబ్బ పడుతుంది. మీరే గీకి శుభ్రం చేసే పని పెట్టుకోవద్దు, ఆ దుమ్ము ఇంకా చెడ్డది.

ప్రశ్న: ఓనర్ అదే బిల్డింగులో ఉంటే మంచిదా, చెడ్డదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: ట్యాపు పాడైతే మంచిది మాస్టారూ, చుట్టాలొస్తే చెడ్డది. ఓనర్ ఎలాంటివారో ఓనర్‌తో మాట్లాడితే తెలియదు, ఆ రోజు అందరూ మంచివాళ్లే. అంతకుముందు ఉన్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారు, ఎన్నాళ్లు ఉన్నారు అని పక్కింటివాళ్లను అడగండి. నాలుగేళ్లలో నలుగురు మారారంటే ఇంటికో మనిషికో ఏదో ఉంది. జవాబు చెప్పకుండా నీళ్లు నమిలారంటే అదీ జవాబే.

ప్రశ్న: నెల రోజులుగా తిరుగుతున్నాం. నచ్చిందాని గురించి ఆలోచించేలోపు ఎవరో తీసేసుకుంటున్నారు, వెంటనే ఒప్పుకుందామంటే ఇంతకంటే మంచిది దొరుకుతుందేమోనని ఆశ. ఎన్ని ఇళ్లు చూశాక ఆగాలి?
– విసిగిపోయిన దంపతులు

జవాబు: దీనికి గణితంలోనే ఒక జవాబుంది. వరసగా వచ్చేవాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి, వదిలేస్తే మళ్లీ దొరకదు అన్నప్పుడు, మొత్తంలో మొదటి 37 శాతాన్ని ఊరికే చూసి వదిలేయాలట, ఆ తర్వాత అప్పటిదాకా చూసినవాటన్నిటికంటే మెరుగైనది మొదట ఏది కనిపిస్తే దాన్ని తీసేసుకోవాలట. పది ఇళ్లు చూసే ఓపిక ఉంటే మూడు చూసి వదిలేసి నాలుగో ఇంటినుంచి సీరియస్‌గా చూడటం అన్నమాట. అలా చేసినా అన్నిటికంటే మంచి ఇల్లే దొరికే అవకాశం పదింట నాలుగు పాళ్లే, కానీ దానికంటే మంచి పద్ధతి లేదని లెక్క తేల్చారు. మీరు నెల రోజులు తిరిగారంటే ఆ 37 శాతం ఎప్పుడో దాటేసి ఉంటారు.

అందుకని ఈ రాత్రే ఇద్దరూ కూర్చుని, ఇవి లేకపోతే ఎంత బాగున్నా తీసుకోం అన్నవి మూడు రాసుకోండి, నాలుగోది వద్దు. చూసే ప్రతి ఇంటినీ వాటితోనే కొలవండి, మూడూ ఉండి అద్దె అందుబాటులో ఉంటే, సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లొచ్చి ఒప్పేసుకోండి. గుర్తింపు కార్డులు, జీతం స్లిప్పులు, ఫొటోలు అన్నీ స్కాన్ చేసి ఫోన్లో పెట్టుకుని తిరగండి, టోకెన్ డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉంచండి. టోకెన్ ఇచ్చేటప్పుడు, ఓనర్ మాట మారిస్తే పూర్తిగా వెనక్కి, మీరు మారిస్తే ఎంత పోతుందో ఒక మెసేజ్‌లో రాయించుకోండి.